కోత పడిన మొదటి జీతం

మా మొదటి రెండు కుట్టుమిషన్లు అల్వాల్‌లో మా ఇంటి ముందుగదిలో ఉండేవి. ఒకటి నాది. రెండోదాని మీద షామీర్‌పేట నుంచి బస్సులో వచ్చే అక్క కూర్చునేది. ఆమె నాకు తోడబుట్టింది కాదు. నాకంటే ఏడెనిమిదేళ్లు పెద్దది కాబట్టి అక్కా అనేదాన్ని, ఆమె నన్ను చెల్లె అనేది. ఆమె భర్త షామీర్‌పేట చెరువులో చేపలు పడతాడు. చెరువు నిండిన ఏడాది వాళ్లిల్లు సుఖంగా గడిచేది. నిండని ఏడాది అక్క కుట్టే స్కూలు యూనిఫారాల మీదే గడిచేది.

శనివారం నేను నీచు ముట్టనని ఆమెకు తెలుసు. అయినా ఆ రోజే చేపల పులుసు డబ్బా తెచ్చేది. "రేపు తిను చెల్లె, పులుసు తెల్లారితెనే రుచి" అంటూ తనే మా ఫ్రిజ్‌లో పెట్టేది. మా పిల్లలు ఆదివారం పొద్దున్నే ఆ డబ్బా కోసం కొట్టుకునేవాళ్లు. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు రెండు మిషన్ల పనీ ఆమె ఒక్కతే కుట్టి, డ్రెస్సులు స్కూలుకు తీసుకెళ్లి ఇచ్చి వచ్చింది. యూనిట్ నా పేరు మీద ఉందేగాని, దాన్ని నిలబెట్టిన చేతుల్లో ఆమెవీ ఉన్నాయి.

తర్వాత గుండ్లపోచంపల్లిలో రేకుల షెడ్డు అద్దెకు తీసుకున్నాం. ఒక పెద్ద స్కూలు ఆర్డరిస్తామంది. అప్పటిదాకా ఎనిమిదిమందిమి ఉన్నవాళ్లం ఆ ఒక్క సీజన్‌లోనే ఇరవై దాటాం. మేడ్చల్‌లో నా లెక్కలు చూసే ఆయన నన్ను కూర్చోబెట్టి చెప్పాడు.

"మేడం, ఇగ మీది ఇంటి పని కాదు. పీఎఫ్, ఈఎస్‌ఐ రెండూ రాయించాలె. ప్రతి నెల పదిహేనో తారీఖు లోపల కట్టాలె. స్కూలోళ్లు పైసలియ్యలేదంటే గవర్నమెంటు ఆగదు."

పనివాళ్ల జీతంలో నూటికి పన్నెండు పీఎఫ్ కింద పట్టుకుని, నా వైపు నుంచి అంతే కలిపి కట్టాలి. ఈఎస్‌ఐకి వాళ్ల నుంచి కొద్దిగా, నా నుంచి అంతకంటే ఎక్కువ. జబ్బు చేస్తే వైద్యం ఉంటుంది, పనిలో దెబ్బ తగిలితే మంచాన ఉన్నన్నాళ్లూ ఎంతో కొంత డబ్బు వస్తుంది. ఇదంతా విన్నాను, తలూపాను. కానీ ఇంటికి వచ్చేదాకా నా మనసులో తిరిగింది ఒక్కటే. నా వాటా పోను ఇక నాకు మిగిలేదెంత?

మర్నాడు టీ వేళ అందరినీ పిలిచి నిలబడే చెప్పేశాను. ఈ నెల నుంచి జీతంలో కటింగ్ ఉంటుంది, కానూన్ అట్లున్నది, అందరూ ఆధార్, బ్యాంకు పాసుబుక్కు తెండి అన్నాను. ఎవరూ ఏమీ అడగలేదు. టీ గ్లాసులు కడిగి మిషన్ల దగ్గరికి వెళ్లిపోయారు. అర్థమైందనుకున్నాను.

జీతాలు బ్యాంకులో పడ్డ సాయంత్రం అక్క నా బల్ల దగ్గరికి వచ్చింది. చేతిలో ఫోను.

"ఏంది చెల్లె, గింత తక్కువ పడ్డది? తప్పు పడ్డదా?"

"తప్పు కాదక్కా. చెప్పిన గదా, పీఎఫ్ కట్టయింది."

"నాకు గా పీఎఫ్ వద్దు. ఎప్పుడో ముసల్దాన్నయినంక ఇస్తరట. చిట్టీ ఇప్పుడు కట్టాలె, పిల్ల ఫీజు ఇప్పుడు కట్టాలె. నా పేరు తీసెయ్. నాది నా చేతులపెట్టు."

"అట్ల తీసేస్తే కుదరదక్కా. తనిఖీకొస్తే నన్ను పట్టుకుంటరు."

"ఇన్నేండ్ల సంది లేని తనిఖీ ఇప్పుడొచ్చిందా?"

మిషన్లు ఆగిపోయాయి. అందరూ చూస్తున్నారు. ఆమెకు ఒప్పుకుంటే మిగతావాళ్లందరికీ ఒప్పుకోవాల్సి వస్తుందని భయమేసింది. "నువ్వే ఇట్ల మాట్లాడితే నేనెవరికి చెప్పుకోవాలె? కానూన్ నేను రాసిన్నా?" అని గొంతు పెంచాను. అక్క ఫోను జాకెట్టులో పెట్టుకుంది. "సరే మేడం" అని వెళ్లి సంచీ తీసుకుంది. అంతకుముందు ఎన్నడూ ఆమె నన్ను మేడం అనలేదు.

మరో నెల చేసింది. ముభావంగా చేసింది. శనివారం డబ్బా రాలేదు. ఆ నెల జీతం కూడా కోతతోనే పడింది. తెల్లారి ఆమె రాలేదు. హైవే పక్కన ఒక గోదాములో కాంట్రాక్టరు కింద అట్టపెట్టెలు సర్దే పనికి చేరిందని తెలిసింది. అక్కడ కటింగ్ లేదు, శనివారం శనివారం చేతిలో నగదు. ఫోను చేయాలని అనుకున్నాను. నన్ను కాదని పోయింది, తనే చేయనీ అని ఊరుకున్నాను. సీజను మీదుంది, ఊరుకోవడానికి సాకులు చాలా దొరికాయి. కొంచెం జీతం పెంచి ఆ కోత తెలియకుండా చేయవచ్చు కదా అని ఒకసారి అనిపించింది. ఆమెకొక్కతికే పెంచితే మిగతావాళ్లు ఏమంటారోనని అదీ వదిలేశాను.

ఏడాది దాటాక ఒకరోజు మా దగ్గర గుండీలు కుట్టే అమ్మాయి చెప్పింది. "అక్క మీద పెట్టెలు పడ్డయట మేడం. తుంటి బొక్క ఇరిగిందట. మంచంల ఉన్నది."

ఆ ఆదివారమే షామీర్‌పేట వెళ్లాను. అక్క గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఆపరేషన్ చేసి రాడ్ వేశారట. అందుకోసం ఆమె భర్త చేపలు మార్కెట్‌కు తీసుకెళ్లే మోపెడ్ అమ్మేశాడు. కాంట్రాక్టరు మొదటి రోజు ఆస్పత్రికి వచ్చాడు, తర్వాత ఫోను ఎత్తలేదు. గోదాముకు వెళ్లి అడిగితే, "గామె మా మనిషే కాదు, మా దగ్గర పేరే లేదు" అన్నారట. ఆ మాట చెప్తూ అక్క భర్త వాకిట్లోకి వెళ్లిపోయాడు.

నేను మంచం పక్కన కూర్చున్నాను. అక్కే మొదలుపెట్టింది.

"నీ దగ్గరనే ఉంటే గిట్ల కాకపోవు."

"నేను నీకు సరిగ్గ చెప్పలే అక్కా."

"చెప్పినవ్ గని, కానూన్ కానూన్ అన్నవ్. గది ఆఫీసోళ్ల ముచ్చట, మనకేంది అనుకున్న. పడిపోయిననాడు అక్కరకొస్తదని నాకేమెరుక?" మళ్లీ తనే, "నాదే తొందర. మంచిగ అడగకపోతి" అంది.

ఆమె నన్ను నిందించి ఉంటే తేలికగా ఉండేది. తప్పు తన మీద వేసుకునేసరికి నాకు కన్నీళ్లు ఆగలేదు. లేవలేని మనిషి చెయ్యి చాచి నా వీపు నిమిరింది.

సోమవారం మేడ్చల్ వెళ్లి లెక్కలాయనను అడిగాను, ఇప్పుడైనా ఆమె పేరు చేర్చలేమా అని.

"పని చేసేటోళ్లనే రాయాలె మేడం. మంచంల ఉన్న మనిషిని రాస్తే దొంగలెక్కయితది. పాత దెబ్బకు అది పనికిరాదు."

మా దగ్గర పనిచేసిన రెండు నెలల పీఎఫ్ మాత్రం తీసుకోవచ్చన్నాడు. ఆధార్‌లో ఒక రకంగా, బ్యాంకులో ఇంకో రకంగా ఉన్న ఆమె పేరు సరిచేయించి ఆ డబ్బు వచ్చేలా చేశాను. నేను కలిపిన వాటాతో సహా అది మందులకు కొన్నాళ్లు సరిపోయింది. నేను చేతిలో పెట్టబోయిన డబ్బు మాత్రం ఆమె భర్త తీసుకోలేదు. "పండ్లు తెస్తివి, చాలు బిడ్డా" అన్నాడు.

లేచి తిరగడం మొదలయ్యాక అక్కను పనికి రమ్మన్నాను. ఈసారి మొదటిరోజే పేరు రాయించాను. మిషన్ తొక్కకుండా, కూర్చుని దారాలు కత్తిరించే పని. వచ్చింది. అందరూ చుట్టూ చేరారు, నవ్వించింది. కానీ బస్సు ఎక్కి దిగడం ఆమె వల్ల కాలేదు. సాయంత్రానికి కాలు వాచేది. వారం తిరగకముందే, "ఇగ నాతోని కాదు చెల్లె" అంది. ఆటోలో ఇంటి దగ్గర దింపి వచ్చాను.

ఇప్పుడు కొత్తగా ఎవరు చేరినా వాళ్లను కూర్చోబెట్టి, టీ ఇచ్చి, ఈ కోత ఎందుకో నెమ్మదిగా చెప్తాను. పేరు చెప్పకుండా అక్క సంగతీ చెప్తాను. పోయిన నెల యాప్రాల్ నుంచి ఒకామె వచ్చింది. ఇద్దరు చిన్నపిల్లలు, భర్త సరిగ్గా చూడడు. అంతా శ్రద్ధగా విన్నది. "మస్తు మంచిగ చెప్పిన్రు మేడం. గని నాకు ఈ నెల కిరాయి కట్టాలె, కోత పడితె ఎల్లదు" అని లేచింది. నేను గేటు దాకా వెళ్లి, ఆమె రోడ్డు దాటేదాకా చూస్తూ నిలబడ్డాను.