తంగేడు రాలిన బొమ్మ

మా చిన్నప్పుడు, ఐదో తరగతిలో... దసరా సెలవులకు ముందు డ్రాయింగ్ సారు తలా ఒక తెల్ల షీటు ఇచ్చారు. "శరదృతువు బొమ్మ గీసుకొని రండ్రి. మంచిగున్నది గోడకు పెడ్త" అన్నారు. ఒక్కసారైనా నా బొమ్మ ఆ గోడ ఎక్కాలని ఎంత ఆశో!

ఆత్మకూర్ (ఎస్)లో మా ఇల్లు. క్యాలెండర్‌లో ఎర్రటి ఆకులు రాల్చే చెట్లున్నాయి. స్కేలుతో గళ్ళు గీసుకొని వాటిని ఉన్నవి ఉన్నట్టు దింపుతున్నాను...

బతుకమ్మ కోసం గునుగు పూలకు రంగులద్దుతున్న నాయనమ్మ క్యాలెండర్‌కేసి తొంగి చూసింది.

"గిదేందే పిల్లా, చెట్లకు అగ్గంటుకున్నదా?"

"కాదు నాయనమ్మా, శరదృతువు. ఆకులు రాల్తయి."

"మన కాడ గిప్పుడు ఏ చెట్టు రాల్తున్నదే? జర బయటికొచ్చి సూడు."

చూశాను. పచ్చటి వరి... గట్ల మీద తెల్లటి గునుగు, పసుప్పచ్చని తంగేడు. ఒక్క ఎండుటాకు లేదు.

షీటు తిప్పి వెనకవైపు మళ్ళీ మొదలుపెట్టాను. రంగుల డబ్బా లేదు. నాయనమ్మ గిన్నెలో మిగిలిన ఆకుపచ్చ రంగుతో పొలం వేశాను. గట్టు మీద నిజం గునుగు, తంగేడు పూలే, అన్నం మెతుకులతో అంటించాను. ఒక్కోదానికి వేలెడు దూరం, వరుస తప్పకుండా!

బడి తెరిచిన రోజు సంచిలోంచి తీస్తే... గునుగు అలాగే ఉంది. తంగేడు రేకులన్నీ ఎండి, ఊడి, సంచి అడుగున పడ్డాయి. తంగేడు ఉన్నచోట మెతుకులే మిగిలాయి.

"సార్, ఈమె అన్నం తిని బొమ్మతోని మూతి తుడుసుకున్నది!" అంది పక్క పిల్ల. తరగతంతా నవ్వింది. నాకు ఏడుపు ఆగలేదు.

సారు మాత్రం నవ్వలేదు. సంచిలోని రేకులు ఏరి, బొమ్మలో గట్టు కింద నేలంతా బంకతో అంటించారు. "అందరు ఆకులు రాల్చిన్రు. ఈ బిడ్డ మన ఊరి పూలు రాల్చింది" అని గోడకు పెట్టారు.

నాయనమ్మను తీసుకెళ్ళి చూపించాను. చాలాసేపు చూసి, "ఇగ అగ్గి ఆరింది పో" అంది.

ఇప్పుడు సూర్యాపేటలో మా పాపకూ బడిలో ఇదే ప్రాజెక్టు. కాగితపు ఎర్రాకులు కవర్లో సిద్ధంగా అమ్ముతున్నారు. కొనిచ్చాను. అప్పట్లో గట్టు మీద ఊరికే దొరికిన గునుగును కూడా మార్కెట్లో కట్టగా కొని, పక్కన పెట్టాను.

"ఇదెందుకమ్మా?" అంది పాప.

చెప్పడం మొదలుపెడితే నాయనమ్మ, సారు ఇద్దరూ గుర్తొచ్చారు... ఒకరు చూడమన్నారు, ఒకరు చూసినదాన్ని నిలబెట్టారు. ఇద్దరికీ దండం.

మీరు బడిలో గీసిన శరదృతువు ఏ రంగులో ఉండేది? దాంట్లో మీ ఊరు ఉండేదా?