కుడిపక్కన కూర్చుని అడిగితే

పోయినేడు ఒంగోలులో లెక్కల టీచర్లకి మూడు రోజుల శిక్షణ పెట్టారు. రెండోరోజు మధ్యాహ్నం అన్నాలు తిని అందరం జోగుతుంటే, శిక్షణ ఇచ్చే మేడమ్ గారు కళ్ళు మూసుకోమన్నారు. ఇంతకంటే ఏం కావాలని వెంటనే మూసేసుకున్నాం.

"మీ మనసులో ఒకటి ఎక్కడుందో ఒక చేత్తో చూపించండి. వంద ఎక్కడుందో ఇంకో చేత్తో చూపించండి. ఇప్పుడు కళ్ళు తెరవండి," అన్నారావిడ.

హాల్లో దాదాపు అందరూ ఒకటిని ఎడమపక్కన, వందని కుడిపక్కన పెట్టుకుని కూర్చున్నారు. నేను మాత్రం ఒక చేత్తో నా చెప్పుల్ని, ఇంకో చేత్తో ఫ్యాన్నీ చూపిస్తున్నాను. నవ్వులు మొదలయ్యాయి. నా పక్కనున్న పెద్ద సారు వరస ఇంకోరకం. ఆయనకి ఒకటి కుడివైపునుంది, వంద ఎడమవైపునుంది. చిన్నప్పుడు వాళ్ళ నాయనమ్మ తెలుగుకంటే ముందు ఉర్దూ అక్షరాలు దిద్దించిందట.

"నవ్వనీండి టీచర్ గారూ, మీకు నేనున్నాను," అన్నారాయన.

మేడమ్ గారు మాత్రం నవ్వలేదు. ఇందులో తప్పూ ఒప్పూ లేదనీ, చదవడం, లెక్కపెట్టడం ఎలా అలవాటైతే అంకెలు బుర్రలో అలా సర్దుకుంటాయనీ చెప్పారు. అంకెలే కాదట, సంతోషం, దిగులు కూడా కొందరికి ఒక్కో పక్కన ఉంటాయట.

నా అంకెలు ఎక్కడివో నాకు వెంటనే తెలిసిపోయింది. నేను పుట్టి పెరిగింది వినుకొండలో. మా నాన్న కొండ మెట్లెక్కిస్తూ నాకు అంకెలు నేర్పాడు. ఒకటి కింద, వంద పైన. వందో మెట్టు మీద కూర్చోబెట్టి మరమరాల పొట్లం విప్పేవాడు. అందుకే ఈనాటికీ నాకు పెద్ద అంకెలూ సంతోషాలూ పైనే ఉంటాయి. పెళ్ళయి చీరాల వచ్చి పన్నెండేళ్ళయింది. ఇక్కడ ఎటు చూసినా చాపలాంటి నేల. అయినా నా అంకెలు కొండ దిగి రాలేదు.

ఆ సాయంత్రం ఇంటికి రాగానే మా అత్తగారిని కూర్చోబెట్టి అడిగాను. ఆవిడ నలభై ఏళ్ళు మగ్గం మీద కూర్చున్న మనిషి. కళ్ళు మూసుకోకుండానే చెప్పింది.

"ఒకటి నా ఒళ్ళో ఉంది. వంద అల్లక్కడ, ఎదురుగోడ దగ్గర. నేసిన గుడ్డ ఒళ్ళోకొస్తది, నెయ్యాల్సిన నూలు ఎదురుగా ఉంటది. ఇదీ ఒక ప్రశ్నేనా?"

మా ఆయనకి మరమగ్గాల షెడ్డులో పని. ఆయన అంకెలు అందరిలాగే ఎడమ నుంచి కుడికి బుద్ధిగా నడిచాయి. "సరే, సంతోషం ఎటుంది?" అన్నాను. తడుముకోకుండా కుడిపక్క చూపించాడు. "చిరాకో?" ఎడమపక్క చూపించాడు.

"ఎందుకలాగ?"

"ఏమో. ఎప్పుడూ అక్కడే ఉంటది," అన్నాడు.

అప్పుడు నాకొక దుర్బుద్ధి పుట్టింది. మా బడి పర్చూరు వైపు ఒక ఊళ్ళో. ఆటోలో రోజూ పదిమంది మధ్య ఇరుక్కుని వెళ్ళలేక, స్కూటరు కొనుక్కుంటానని రెండేళ్ళుగా అడుగుతున్నాను. ఆయన వద్దంటూనే ఉన్నాడు. ఆలోచిస్తే, ఆ రెండేళ్ళూ నేను అడిగింది ఆయన ఎడమపక్క నుంచే. అన్నం దగ్గర నా పీట అటే, మంచం మీద నా చోటూ అటే.

మర్నాడు పీట కుడిపక్కకి మార్చాను. మామూలుగా "ఏమండీ, స్కూటరు" అన్నాను. "చూద్దాంలే" అన్నాడు! రెండేళ్ళలో మొదటిసారి. ఆ తర్వాత నాలుగు రోజులు టీవీ దగ్గరా, గుమ్మంలోనూ, కూరల బజారులోనూ కుడిపక్క వదల్లేదు. బజారులో ఆయన అటు తిరిగితే నేనూ అటు తిరిగాను. వంకాయలమ్మే ఆవిడ మా ఇద్దర్నీ వింతగా చూసింది. అయిదో రోజు "సరే, నేర్చుకో ముందు" అన్నాడు. మనిషి మనసుకి తాళంచెవి దొరికిందని లోపల్లోపల గంతులేశాను.

ఆదివారం మా ఆయన షెడ్డు మేస్త్రీ దగ్గర స్కూటరు అడిగి తెచ్చాడు. పర్చూరు రోడ్డులో ఆయన్ని వెనక కూర్చోబెట్టుకుని బయల్దేరాను. బాగానే సాగింది. ముందు గుండ్రటి మీటరులో ముల్లు పైకి ఎక్కుతుంటే వేగం పెరుగుతోందని తెలుస్తూనే ఉంది. నలభై దాటాక అది అవతలివైపు కిందికి దిగడం మొదలుపెట్టింది. కిందికి అంటే నా లెక్కలో తక్కువే. నెమ్మదిగానే పోతున్నానని ధీమాగా ఉన్నాను.

"మెల్లగా పోవే!" అని వెనక నుంచి కేక.

"మెల్లగానేగా పోతున్నా! ముల్లు దిగుతోంది చూడండి!"

"అది దిగడం కాదే, అరవై!"

అప్పటికే మలుపు వచ్చేసింది. నేను తిరగలేదు. తిన్నగా పోయి, రోడ్డు పక్కన కల్లంలో ఎండబోసిన మిరపకాయల మీద పడ్డాం. ఎర్రగా, మెత్తగా, దెబ్బ తగలకుండా పడ్డాం. తర్వాత మొదలైంది అసలు సంగతి. ఇద్దరం తుమ్ముతూ, దగ్గుతూ, కళ్ళు నులుముకోకూడదని తెలిసి కూడా నులుముకుంటూ లేచాం.

కల్లం ఆసామి భార్య పరుగున వచ్చి ఆయన ఎడమపక్కన నిలబడింది.

"ఏమయ్యా, కాయలన్నీ తొక్కి పారేశారు, ఇప్పుడేం చేద్దామని?"

మా ఆయన కళ్ళు మూసుకునే చెయ్యెత్తి నవ్వుతూ అన్నాడు. "ఏం కాలేదండీ, బాగానే ఉన్నాం."

ఆమె నోరు తెరుచుకుని నావైపు చూసింది. నేను ఆయనవైపు చూశాను. తుమ్ము మధ్యలోనే ఆగిపోయింది.

ఆ ఎండలో గంటసేపు ముగ్గురం కూర్చుని చితికినవి ఏరి, మంచివి మళ్ళీ పరిచాం. చివర్లో ఆమే మజ్జిగిచ్చింది. ఇంటికొచ్చి అత్తగారిని పక్కకి పిలిచాను.

"అత్తయ్యా, ఆయనకి ఎడమ చెవి వినబడదా?"

"నీకు తెలవదా?" అని ఆవిడే ఆశ్చర్యపోయింది. "షెడ్డులో మగ్గం అటుపక్కనే మోగేది, చిన్నప్పట్నుంచీ. అటునుంచి ఏం అడిగినా వద్దంటాడు. వద్దంటే గొడవుండదుగా! నేనెప్పుడూ కుడిపక్కనుంచే అడుగుతా."

రెండేళ్ళు నేను అడిగిన స్కూటరు ఆయన చెవిన పడనే లేదు. సగం సగం మాటలు, వినబడనివాటికి తలూపడం, పొరపాటు జవాబు చెప్పి నలుగుర్లో నవ్వులపాలవడం, ఇవన్నీ ఎడమపక్క నుంచే వచ్చేవి. చిరాకు మరి అక్కడ కాక ఎక్కడుంటుంది? నాకు ముందు నవ్వొచ్చింది. ఆ వెంటనే, పన్నెండేళ్ళు మంచం మీద అటుపక్క పడుకుని నేను చెప్పుకున్న కబుర్లన్నీ ఏమయ్యాయా అని గుండె కలుక్కుమంది. రాత్రి అదే అడిగాను, కుడిపక్కకి మారి.

"నువ్వేదో చెప్తుండేదానివి. గొంతు బాగుండేది. ఊఁ కొట్టేవాణ్ణి," అన్నాడు. ఇంతకాలం దాచినందుకు సిగ్గుపడుతున్నాడని ఆ గొంతులోనే తెలిసింది.

బతిమాలి, బెదిరించి ఒంగోలులో చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. పరీక్ష చేసి మిషన్ పెట్టారు. ఆ సాయంత్రం ఇంట్లో ఆయన టీ తాగుతున్నాడు. అత్తగారు ఆయన ఎడమపక్కన కూర్చుని వెల్లుల్లి ఒలుస్తూ అలవాటుగా ఏదో గొణిగింది.

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "అమ్మా! నన్ను మొద్దు వెధవ అన్నావా?"

ఆవిడ చేతిలో వెల్లుల్లి రెబ్బ జారిపోయింది. "వినబడిందా?"

"రోజూ అంటావా?"

"రోజూ కాదులే," అని నావైపు చూసింది, సాయం రమ్మన్నట్టు.

ఆ పక్క నుంచి పన్నెండేళ్ళలో నేను అన్నవి కూడా తక్కువేం కాదు. ఆయనకి నా వంతు గుర్తొచ్చేలోపల, పాలు తోడు పెట్టాలని చెప్పి వంటింట్లోకి నడిచాను.