నలభై ఒకటి ముందు, నలభై రెండు వెనక

డెస్మండ్ పార్డో ముప్పై ఒక్క ఏళ్లుగా రేసు కారు నడుపుతున్నాడు. నడిపిన సేపంతా కలిపితే పన్నెండు గంటలు కూడా నిండవు. ఈ లెక్క కట్టింది ఆయన భార్య గ్లెనిస్, ఒక ముసురుపట్టిన ఆదివారం ఏమీ తోచక. "మిగతా ముప్పై ఏళ్లూ వరసలో నిలబడి టీ తాగావయ్యా" అని తేల్చింది.

ఆవిడ అన్నదాంట్లో అబద్ధమేం లేదు. కోల్డ్‌వెల్ కొండ మీద రేసంటే అంతే మరి. పొద్దున్నే పోయి గొర్రెల పచ్చికలో కారు దింపుకోవాలి. సన్నటి రోడ్డు మీద కింద నుంచి పైకి ఒక్కడే ఎక్కాలి. పక్కన ఎవడూ ఉండడు, వెనక ఎవడూ రాడు. ముప్పై మూడో ముప్పై నాలుగో సెకన్లలో పని అయిపోతుంది. పైన గీత దాటగానే కాలు తీసేసి, ఎడంచేతి వైపు గేటులోంచి పచ్చికలోకి తిప్పేసి, హెల్మెట్ ఊడబీకి, "నా టైమెంత?" అని అరవాలి. ఆ తర్వాత కిందికి దిగి, మళ్లీ తన వంతు వచ్చేదాకా టీ.

ఇందులో ఇంకో సుఖం ఉంది. కింద ఆకుపచ్చ లైటు వెలిగినా తొందరపడక్కర్లేదు. చక్రం కదిలి గీత దాటితేనే గడియారం మొదలవుతుంది. అందాకా గ్లవ్స్ సర్దుకోవచ్చు, ఊపిరి పీల్చుకోవచ్చు, దేవుణ్ణి తల్చుకోవచ్చు. ముందువాడు కనుమరుగయ్యేదాకా వెనకవాడు కదలడు. అది అక్కడి మర్యాద.

ఆ ముందువాడు ముప్పై ఒక్క ఏళ్లుగా ఒక్కడే. డెస్మండ్ నంబరు నలభై రెండు, నలభై ఒకటి మారిస్ టింబ్రెల్‌ది. మారిస్ పక్క ఊళ్లో మాంసం కొట్టు నడిపి మానేశాడు. డెస్మండ్ పాలు పితికే మిషన్లు బాగుచేసి రిటైరయ్యాడు. ఒకడికి డెబ్బై ఒకటి, ఒకడికి అరవై ఎనిమిది. ఇద్దరివీ ఒంటి సీటు కార్లు. 1979లో ఒక కోళ్లఫారం ఆసామి షెడ్డులో కూచుని అచ్చు ఒకేలాంటివి రెండే రెండు చేసి, ఇది మనకు కూడు పెట్టేది కాదని మళ్లీ కోళ్ల దగ్గరికే పోయాడు. ఆ రెండూ వీళ్లకే దొరికాయి. కాబట్టి ఓడినవాడు కారు మీదకు నెట్టేయడానికి వీల్లేదు. నెట్టాలంటే వాతావరణం ఒక్కటే ఉంది, దాన్ని ఇద్దరూ బాగానే వాడుకున్నారు.

కొండ మీద డెస్మండ్ రికార్డు ముప్పై మూడు సెకన్ల ముప్పై ఎనిమిది. మారిస్‌ది ముప్పై మూడు నలభై ఒకటి. సెకనులో నూరో వంతులు మూడే తేడా. "ఆ రోజు నా వంతుకి రెండో మలుపులో తడి ఆకులున్నాయిరా" అని మారిస్ పంతొమ్మిదేళ్లుగా అంటున్నాడు. "నీకు బ్రేకు మీద కాలు బరువురా, ఆకులనెందుకు ఆడిపోసుకుంటావ్" అని డెస్మండ్ పంతొమ్మిదేళ్లుగా అంటున్నాడు. అసలు మారిస్ బ్రేకు ఎలా తొక్కుతాడో ఈయనగారు ఒక్కసారీ చూసిన పాపాన పోలేదు. మొదటి మలుపు దాటాక ముందువాడు కనిపిస్తే కదా!

ఆ ఏడు మార్చిలో మారిస్ పంది మాంసం కూరి కాల్చిన రొట్టె పట్టుకుని డెస్మండ్ వంటింట్లోకి వచ్చాడు. దాన్ని బల్ల మీద పెట్టి, కుర్చీలో కూలబడ్డాడు.

"సెప్టెంబరుతో నా లైసెన్సు ఆఖర్రా, డెస్. వచ్చే ఏడు కంటి పరీక్షలో నెగ్గనని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు."

గ్లెనిస్ కెటిల్ పెట్టింది. మాట రానప్పుడు ఆ ఇంట్లో చేసే పని అదే.

"నాకొక్కటే కోరిక" అన్నాడు మారిస్. "ఒక్కసారి నిన్నూ నన్నూ ఒకే రోడ్డు మీద, ఒకే టైముకి, ఒకే ఆకుల మీద వదలాలి. ఎవడు ఫాస్టో తేలిపోవాలి. తేలకుండా పోతే నా కడుపు మండిపోతుంది."

కొండ రోడ్డు మీద రెండు కార్లు పట్టవు. కాబట్టి గుండ్రంగా తిరిగే సర్క్యూటు కావాలి, అక్కడ ఈ కార్లని రానిచ్చే రేసు కావాలి. అంతేగా అనుకున్నాడు డెస్మండ్. మర్నాడే ఫోను పట్టుకున్నాడు.

బాబోయ్, ఆ ఫోన్లు! మొదటి క్లబ్బువాళ్లు 1971 దాటిన కారుని గడప తొక్కనివ్వం అన్నారు. రెండో క్లబ్బులో ఒక పెద్దమనిషి, "మీ కారు ఆ రోజుల్లో ఎవరితో పోటీ చేసింది?" అని అడిగాడు.

"గడియారంతో."

"అది కాదండీ, పక్కన ఏ కార్లున్నాయి?"

"గొర్రెలున్నాయండీ, కంచె అవతల."

ఆయన ఫోను పెట్టేశాడు. మూడో క్లబ్బాయన కాస్త మంచివాడు, ఓపిగ్గా అన్నీ అడిగాడు. "పెట్రోలు ట్యాంకు ఎన్ని లీటర్లండీ?"

"నాలుగు."

"నలభయ్యా?"

"నాలుగేనండీ. సాయంత్రానికి ఇంకా మిగుల్తుంది."

ఆ నవ్వు పక్క గదిలో ఉన్న గ్లెనిస్‌కి కూడా వినపడింది. "అంత నవ్వొచ్చేదేం చెప్పావయ్యా?" అంది. డెస్మండ్‌కి తల కొట్టేసినట్టయింది. ముప్పై ఒక్క ఏళ్లు నెత్తిన పెట్టుకున్న కారు, ఫోనులో చెబితే బొమ్మకారైపోయింది. మే నెలాఖరుకి పదకొండు క్లబ్బులు కాదన్నాయి. మారిస్ వారం వారం వచ్చి ఏమీ అడక్కుండా కూచుని పోయేవాడు. అడిగితేనే నయం అనిపించేది.

పన్నెండోది లింకన్‌షైర్‌లో చిన్న క్లబ్బు. స్కార్‌బీ అనే పాత విమానాల మైదానంలో రేసులు పెడతారు. అక్కడ పెత్తనమంతా హిల్డా త్వైట్ అనే ఆవిడది. ఆవిడ మూడే ప్రశ్నలు వేసింది.

"చక్రాలు నాలుగూ ఉన్నాయా?"

"ఉన్నాయండీ."

"వెనక ఎర్ర లైటు?"

"పెట్టిస్తానండీ."

"ఎనిమిది రౌండ్లు తిరుగుతుందా?"

"తిరిగేట్టు చేస్తానండీ."

"అయితే రండి. ఏ జట్టులోనూ ఇమడనివన్నీ కలిపి సెప్టెంబరులో ఒక రేసు పెడతాం. దాని పేరే 'మిగిలినవన్నీ'."

డెస్మండ్ ఫోను పెట్టి వంటింట్లోనే గంతేశాడు. ఆ వయసులో గంతేయకూడదు, నడుం పట్టేసింది.

ఎండాకాలమంతా షెడ్డులోనే గడిచింది. ఇద్దరి కార్లకీ పెద్ద ట్యాంకులు అతికారు. నిమిషం దాటితే మరిగిపోయే ఇంజన్లకి పాత వ్యాను రేడియేటర్లు తగిలించారు. సర్క్యూటు లైసెన్సు కోసం జెండాల పరీక్ష కూడా రాయాలట. కొండ మీద వీళ్లకు తెలిసింది ఎర్ర జెండా ఒక్కటే. గ్లెనిస్ గిన్నెలు తుడిచే గుడ్డలు రంగురంగులవి తెచ్చి, ఒక్కోటి ఎగరేసి అడిగేది.

"నీలం?"

"వెనకాల ఎవడో వస్తున్నాడు, దారివ్వాలి" అన్నాడు డెస్మండ్.

"వెనకాల ఎవడొస్తాడే, అమ్మాయ్? నా వెనక వీడే. వీడు నేను కనిపిస్తే కదలడు" అన్నాడు మారిస్.

"ఒక్కటి గుర్తుపెట్టుకోండి, మహానుభావులూ. ఎనిమిది రౌండ్లు. ఒకటి కాదు, ఎనిమిది." ఆ మాట ఆవిడ ఆ వేసవిలో ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు.

రేసు రోజు పొద్దున్నే మంచు. ప్రాక్టీసు కుదరక, ముందొక కారుని పెట్టి అందరినీ పెళ్లి ఊరేగింపులా మెల్లగా మూడు చుట్లు తిప్పి పంపేశారు. కొత్తవాళ్లని గుర్తుగా వీళ్లిద్దరి కార్ల వెనకా పసుపు అట్ట మీద నల్ల గుణకారం గుర్తు అంటించారు. "డెబ్బై ఒకటో ఏట కొత్తవాణ్ణయ్యాన్రోయ్" అని మారిస్ మురిసిపోయాడు. మధ్యాహ్నానికి ఎండొచ్చింది. ఇరవై కార్లు బారులు తీరాయి. అన్నిటి వెనకా నలభై ఒకటి, దాని వెనక నలభై రెండు.

ఎర్ర లైట్లు వెలిగాయి. ఆరాయి. పద్దెనిమిది కార్లు ఒక్క అరుపుతో ఎగిరిపోయాయి.

మారిస్ గ్లవ్స్ సర్దుకుంటున్నాడు. ముందు ఎడమది, తర్వాత కుడిది. భుజాలు ఓసారి కదిలించాడు. ఊపిరి పీల్చాడు. లైటు అనుమతిచ్చింది కదా, ఇక తన ఇష్టం! వెనక డెస్మండ్ బుద్ధిమంతుడిలా కూచున్నాడు. ముందువాడు పోకుండా తనెలా కదుల్తాడు? రెండు కార్లూ చెడిపోయాయనుకుని ట్రాకు పక్క కాపలా ఉండే మార్షల్ ఒకడు జెండా ఊపుతూ పరుగెత్తుకొచ్చాడు. ట్రాకు పక్కనున్న గోడ మీద నిలబడి గ్లెనిస్ నెత్తీ నోరూ కొట్టుకుంటోంది.

"పోండయ్యా! ఇద్దరూ పోండి!"

మారిస్ కదిలాడు. డెస్మండ్ అలవాటు కొద్దీ ఆగబోయి, అయ్యో అనుకుని తొక్కాడు.

మొదటి మలుపు తిరిగాక కూడా మారిస్ ఇంకా కనిపిస్తూనే ఉన్నాడు. డెస్మండ్‌కి ఒళ్లు ఝల్లుమంది. ముప్పై ఒక్క ఏళ్లలో మొదటి మలుపు అవతల మారిస్‌ని చూడటం ఇదే మొదలు. రెండో మలుపు. మూడోది. వెనక పెట్టించిన ఎర్ర లైటు బ్రేకుకి వెలిగేది కాదు కానీ, కారు ముక్కు దిగితే తెలుస్తుంది కదా. అది దిగటం లేదు. బ్రేకు మీద కాలు బరువని తను వెక్కిరించిన మనిషి, బ్రేకే తొక్కటం లేదు! కారుని మలుపులోకి వదిలేస్తున్నాడు, అది తనంతట తానే నడిచిపోతోంది. తను స్టీరింగుతో కుస్తీ పడుతున్నచోట వాడు ఒక చేత్తో పని కానిచ్చేస్తున్నాడు. మళ్లీ మళ్లీ దగ్గరవుదామని తొక్కాడు డెస్మండ్. ప్రతి మలుపులోనూ కాస్త కాస్త దూరమైపోయాడు. 'ఏమిటిరా ఈ అందం, ఇన్నాళ్లూ ఎక్కడ దాచావురా' అని లోపల్లోపల తిట్టుకున్నాడు. హెల్మెట్‌లో కళ్లు తడిశాయి.

మొదటి రౌండు చివర గీత వచ్చింది. మారిస్ గీత దాటాడు. దాటి, చెయ్యి పైకెత్తాడు. ఎడంచేతి వైపు గేటుంది. కాలు తీసేసి, ఠీవిగా, గేటులోంచి పచ్చికలోకి తిప్పేశాడు.

గోడ మీద గ్లెనిస్ పట్టుకున్న పలక మీద '7' అని ఇంత లావున ఉంది. డెస్మండ్‌కి అది కనపడింది. ముందు రోడ్డంతా ఖాళీ. మెల్లగా తిరిగొచ్చినా చాలు, కాగితం మీద మారిస్‌ని ఓడించినట్టే, ఈ జన్మకి తేలిపోయినట్టే. నిన్నటి డెస్మండైతే పోయేవాడే, నేను పూచీ. ఈ డెస్మండ్ గేటులోకి తిప్పాడు.

మారిస్ అప్పటికే హెల్మెట్ తీసేసి, మొహం వెలిగిపోతూ నిలబడ్డాడు. "నా టైమెంత?" అని అరిచాడు.

అప్పుడు పద్దెనిమిది కార్లూ గోడ అవతల నుంచి హోరుమంటూ దూసుకుపోయాయి. మారిస్ అటు చూశాడు. ఇటు చూశాడు. మొహం పాలిపోయింది.

"వాళ్లింకా తిరుగుతున్నారేమిట్రా?"

"ఇంకా ఏడు రౌండ్లున్నాయి."

"అయ్యో! కొండ అనుకున్నాన్రా! చెడగొట్టేశాను, డెస్! అంతా చెడగొట్టేశాను!" మారిస్ పచ్చికలో చతికిలబడ్డాడు. కాసేపటికి తలెత్తాడు. "నువ్వెందుకు ఆగావురా? నీకు తెలుసుగా?"

డెస్మండ్ హెల్మెట్ తీసి, పక్కన కూచున్నాడు. గొంతు సవరించుకున్నాడు. ఈ మాట అంటే పంతొమ్మిదేళ్ల గొప్ప గంగలో కలుస్తుందని ఆయనకి తెలుసు.

"తేలిపోయింది కాబట్టి. నాకంటే నువ్వే ఫాస్టురా, మారిస్. వెనకుండి కళ్లారా చూశాను. ఆకుల సంగతి కూడా నిజమే అయ్యుంటుంది."

మారిస్ కళ్లు నిండాయి. గ్లవ్‌తో ముక్కు తుడుచుకున్నాడు.

ఆఖరికి దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి, "ఎంత తేడా?" అని అడిగాడు.