ఇంకుపెట్టె మీది చెయ్యి

తమిళనాట ధర్మపురి ఆసుపత్రిలో ఒక నర్సమ్మ వేలిముద్రల ఇంకుపెట్టెను, కోడి గుడ్లను పొదిగినట్టు, అరచేత్తో కప్పుకొని కూర్చునేది. రోగికి అంతా అర్థమైందని తేలేదాకా, కలెక్టరే వచ్చి అడిగినా ఆ చెయ్యి లేచేది కాదు.

మా మేనత్తకు చక్కెర జబ్బుతో కుళ్లిన కాలివేలు తీయాల. తీసిన వేలును కాలేజీ పిల్లల చదువుకు సీసాలో ఉంచుకోవచ్చునా అని తమిళంలో నాలుగు పేజీల ఫారం. మహాభారతమంత ఫారాన్ని నేను తెలుగులో ఒక్క ముక్కతో తేల్చేసినాను.

"కట్టుగుడ్డ కోసమంట అత్తా, ముద్ర వేసెయ్."

మా ఊరికి పోయే ఏరియూరు బస్సు తప్పితే యుగాంతమన్నట్టు నా తొందర. అత్తకు చదువు రాదు, నర్సమ్మకు తెలుగు రాదు అని నా ధీమా.

చెయ్యి లేవలేదు. "మా ఇంట్లోనూ తెలుగే అన్నా," అనింది నర్సమ్మ. వంగి, అత్తకు ప్రతి మాటా తెలుగులో చెప్పింది. "ఇష్టం లేకుంటే వద్దను అవ్వా. వైద్యమేమీ ఆగదు."

అత్త కాసేపు తన వేలునే చూసుకునింది. "పిల్లోళ్లు చదువుకుంటారంటే ఉంచుకోనీ తల్లీ." తర్వాత నా వైపు తిరిగింది. "అడిగింటే ఇచ్చేదాన్నే కదరా. ఎందుకు అడగకపోతివి?"

అప్పుడు లేచింది నర్సమ్మ చెయ్యి. ఇంకుపెట్టెను అత్త ముందుకు జరిపింది. నన్ను నాలుగు తిట్టింటే బాగుండేది.