బృందం అంటే ఒక్క మనిషి

అక్కకు పాటల పిచ్చి, చెల్లెలికి జనం పిచ్చి. ఇద్దరూ కలిసి ఒక పాత వ్యానులో ఊరూరా తిరిగి జానపద పాటలు పాడబట్టి ఇరవై రెండేళ్ళు దాటింది. చెల్లెల్ని అందరూ చిట్టి అనే పిలుస్తారు. నలభయ్యో పడిలో పడినా ఆ పేరు వదల్లేదు. అక్కను మాత్రం ఎవరూ పేరు పెట్టి పిలవరు. హార్మోనియం ఆవిడ, అంతే.

వాళ్ళమ్మ బట్టలు కుట్టేది. కొలతలివ్వడానికి వచ్చిన ఆడవాళ్ళని అక్క కూర్చోబెట్టి, వాళ్ళ నోటి పాటల్ని నోటుబుక్కుల్లోకి ఎక్కించేది. పడవవాళ్ళ పాటలు, పసిపిల్లల్ని జోకొట్టే పాటలు, మొగుణ్ణి ఎగతాళి చేసే పాటలు. దొరికిన ముక్కకు మిగతా ముక్క తనే అల్లేది. చిట్టికి అవన్నీ నేర్పింది కూడా తనే. తాళం తప్పితే తొడ మీద గిల్లేది.

తీరా వేదిక ఎక్కాక జనం చిట్టి వెంట పడ్డారు. ఆ పిల్ల నవ్వితే నవ్వేవాళ్ళు, కళ్ళు తుడుచుకుంటే తుడుచుకునేవాళ్ళు. అక్క వైపు ఎవరన్నా చూశారంటే, ఆ పెట్టె కాస్త పక్కకు జరపమని చెప్పడానికే. ఎవరు పెట్టి పుట్టింది వాళ్ళకి అని అక్క పైకి అనేది. లోపల మాత్రం కుతకుతా ఉడికేది.

ఆ ఆదివారం మధ్యాహ్నం వాళ్ళ పాట ఒక గ్రంథాలయం మేడ మీద. ఎనభై కుర్చీలు పట్టే హాలు, కిటికీలకు ఆకుపచ్చ తెరలు. వ్యాను నడిపిందీ, హార్మోనియం మోసుకుని రెండంతస్తులు ఎక్కిందీ అక్కే. తలుపు మీద అంటించిన పోస్టరు చూసి ఆయాసం తీర్చుకోవడం కూడా మర్చిపోయింది. పోస్టరంతా చిట్టి మొహమే. కింద ‘చిట్టి, ఆమె బృందం’ అని ఉంది.

బృందం! తనొక్కతే బృందం!

గ్రంథాలయం చూసుకునే పెద్దావిడ ఎదురొచ్చి, "మీరు హార్మోనియం ఆవిడేగా? సామాను ఆ వెనక గదిలో పెట్టుకోండమ్మా," అని, చిట్టి చెయ్యి పట్టుకుని తన గదిలోకి తీసుకెళ్ళింది. కాసేపటికి అక్క అటు వెళ్ళేసరికి చిట్టి టీ తాగుతోంది. ఎవరో ఒకామె పక్కన కూర్చుని, "ఆ పడవ పాట ఉంది చూశారూ, ఎన్నిసార్లు విన్నా గుండె పట్టేస్తుందండీ. మీరే కట్టారటగా?" అంటోంది.

చిట్టి గుమ్మంలో నిలబడ్డ అక్కను చూడలేదు. "ఏదోనండీ, అలా కుదిరింది," అని నవ్వింది.

ఆ పాట కట్టడానికి అక్కకు మూడు నెలలు పట్టింది. వచ్చిన దారినే చప్పుడు చెయ్యకుండా వెనక్కి పోయింది.

మొదటి మూడు పాటలూ మామూలుగానే నడిచాయి. నాలుగోది పడవ పాట. చిట్టికి శ్రుతుల లెక్క తెలియదు. హార్మోనియం ఎక్కడ పలికితే అక్కడ అందుకుంటుంది. ఎప్పుడూ ఐదు శ్రుతిలో ఎత్తే పాటని అక్క ఆ రోజు ఒక మెట్టు పైకి, ఆరుకి జరిపింది.

పల్లవి ఎలాగో గట్టెక్కింది. చరణంలో పై స్వరానికి వెళ్ళేసరికి చిట్టి గొంతు చీలిపోయింది. ముందు వరసలో ఎవరో దగ్గారు. చిట్టి అక్క వైపు చూసింది, సంతలో చెయ్యి వదిలేసిన పిల్ల చూసినట్టు. అక్క తల ఎత్తలేదు. చిట్టి రెండోసారి ఎత్తుకుంది, మళ్ళీ చీలింది.

చిట్టి ఆగిపోయింది. ఒక్క క్షణం నిలబడి, "నాకీవేళ గొంతు సహకరించట్లేదండీ," అంది. "అయినా ఇది నా పాట కాదు. ఇందాక ఒకరడిగితే నాదన్నట్టు నవ్వి ఊరుకున్నాను, తప్పే. ఇది మా అక్క కట్టింది. అక్కే పాడుతుంది."

ఎనభై మొహాలూ హార్మోనియం వైపు తిరిగాయి. ఇన్నేళ్ళుగా ఏ చూపు కోసం కడుపు మండిపోయిందో ఆ చూపు ఇప్పుడు వచ్చి అక్క మీద పడింది. ఆరు శ్రుతి తన గొంతుకూ అందేది కాదు. ఎత్తుకుంది, మాట పిల్లి కూతలా వచ్చింది. ఇక దారి లేదు. అందరూ వింటుండగానే శ్రుతి దించింది. ఆరు నుంచి ఐదుకి, ఐదు నుంచి ఇంకా కిందకి.

దించుతుంటే చిట్టి మొహం మారింది. అర్థమైపోయింది.

అక్క పాట పూర్తి చేసింది. గొంతులో జీర, ఊపిరి చాలదు, కానీ ఒక్క మాట తప్పలేదు. చప్పట్లు కొట్టారు. చిట్టికి పడేటన్ని పడలేదు. అప్పుడు కూడా ఆ తేడా లెక్కపెట్టుకున్నందుకు అక్కకు తన మీద తనకే రోత పుట్టింది.

వెనక గదిలో చిట్టి తలుపు దగ్గరికి వేసింది.

"కావాలనే చేశావు కదూ?"

"చేశాను."

"తిట్టొచ్చుగా! జుట్టు పట్టుకుని నాలుగు దెబ్బలు వేస్తే పడేదాన్నిగా! నా గొంతుతో ఆడుకుంటావా అక్కా?"

"పోస్టరు చూశావా నువ్వు?"

"చూడ్డమేంటి, ఆ ఫోటో పంపింది నేనే. ఇద్దరిదీ అడిగారు. ఒక్కదాన్నే ఉంటే ఎలా ఉంటుందో చూసుకోవాలనిపించింది." చిట్టి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అది నా తప్పే. కానీ నువ్వు చేసింది వేరు."

వేరని అక్కకు తెలుసు. హార్మోనియం పెట్టెలో పెట్టి, "నన్ను క్షమించవే," అంది. పుట్టి బుద్ధెరిగాక చెల్లెలితో ఆ మాట అనడం అదే మొదటిసారి. చిట్టి పెట్టెకు రెండో పక్క పట్టుకుంది. ఇద్దరూ మెట్లు దిగారు.

ఆ తర్వాత చాలాకాలం, ప్రతి పాటకు ముందూ చిట్టి హార్మోనియం మీదికి వంగి మెల్లిగా, "ఐదేగా?" అని అడిగేది. అక్క, "ఐదే," అనేది. ఆ ప్రశ్న ముల్లులా గుచ్చుకునేది. అయినా ఎందుకడుగుతావని ఏనాడూ అనలేదు. ఏడాది తిరిగాక ఒకరోజు చిట్టి అడగడం మర్చిపోయింది. అక్క గుర్తు చెయ్యలేదు.

ఇప్పుడు అక్క ప్రతి కచేరీలో రెండు పాటలు పాడుతుంది. పోస్టరు మీద ఇద్దరి మొహాలూ ఉంటాయి. అసూయ పోయిందా అంటే పోలేదు. చిట్టికి ఈలలు పడ్డప్పుడల్లా అక్కకు ఇప్పటికీ చురుక్కుమంటుంది. అలాంటప్పుడు తల వంచుకుని, చెల్లెలి గొంతు ఎంతవరకు వెళ్ళగలదో అంతవరకే వాయిస్తుంది.