బోర్డులు చూసిందెవరు

నేను చెప్పేవాటిలో సగం కోతలేనని మీ అందరికీ తెలుసు. ఎలుగుబంటితో కలిసి చలి కాచుకున్నది కూడా కోతే. ఇది మాత్రం జరిగింది. పక్కన కూర్చున్న మా ఆవిడ మీద ఒట్టు... చూడండి, ఆవిడ నవ్వట్లేదు.

సెవెంటీ నైన్. అమెరికాలో, పార్సిప్పనీ అనే ఊళ్ళో నేనూ మూర్తీ రూమ్మేట్లం. కాకినాడలో ఇంజనీరింగ్ కూడా కలిసే చదివాం. మూర్తికో పాత కారు ఉండేది, ఓడంత. దాంతో మూడో స్పీడింగ్ టికెట్ తెచ్చుకున్నాడు. నేను చెప్పే రాత్రికి మర్నాడే కోర్టు. ఓడితే లైసెన్స్ పోతుంది. లైసెన్స్ లేకపోతే ఆఫీస్ లేదు, ఆఫీస్ లేకపోతే వీసా లేదు. "నా మీటర్ లిమిట్ దాటలేదు, యాభై అయిదే చూపించింది గురూ" అంటాడు. మీటరే తక్కువ చూపిస్తోందని రుజువు చెయ్యాలి.

హైవే మీద ఒకచోట స్పీడోమీటర్లు సరిచూసుకోడానికే మైలుకో బోర్డు పాతారు. వరసగా అయిదు మైళ్ళు. ముల్లు అరవై మీద నిలిపితే మైలుకి సరిగ్గా నిమిషం పట్టాలి. తక్కువ పడితే మూర్తి గట్టెక్కినట్టే.

రాత్రి బయల్దేరాం. మంచు... ముందూ వెనకా ఒక్క కారు లేదు. మూర్తి కళ్ళు ముల్లు మీద, రోడ్డు మీద. నా కళ్ళు ఒళ్ళో వాచీ మీద, టార్చి వెలుగులో.

"వచ్చింది."

లెక్క మొదలెట్టాను. ఇంజన్ హోరు... వైపర్ కిర్రు కిర్రు... మళ్ళీ "వచ్చింది." యాభై రెండు సెకన్లు. మళ్ళీ... యాభై రెండే. నెమ్మదిగా, తొందర లేకుండా ఆ మాట. నేను లోపల్లోపల గంతులేస్తున్నా.

అయిదో మైలు కూడా అయింది. చాలు, ఆపెయ్ అన్నాను.

"ఇంకొకటుంది."

తలెత్తాను. మూర్తి నావైపే చూస్తున్నాడు. పెదాలు బిగించుకుని...

"ఏది ఇంకోటి?" అన్నాడు.

"నువ్వేగా అన్నావ్."

"నువ్వు కదరా పిలుస్తున్నావ్... మొదట్నించీ."

కాలేజీ ల్యాబ్‌లో మా బ్యాచ్‌కి ముగ్గురం. ఒకడు మీటర్, ఒకడు వాచీ, మూడోవాడు పిలుపు. ఆ అలవాట్లో పిలిచేవాడి సంగతి మాకు తట్టనే లేదు. ఆ మూడోవాడు బతికే ఉన్నాడు, కనుక్కున్నాను. ఆ గొంతు వాడిది కాదు. మగదో ఆడదో కూడా చెప్పలేను. తెలుగు మాత్రం మనదే.

మూర్తి కారు పక్కకి తీసి ఆపాడు. ఇద్దరం వెనక్కి తిరగలేదు. వెనక సీటు స్ప్రింగు... కిర్రుమంది. ఎవరో లేచినట్టు. తలుపు తెరుచుకోలేదు.

మర్నాడు జడ్జి నాచేత ఒట్టు వేయించి ఒక్కటే అడిగాడు. నువ్వు వాచీ చూస్తుంటే, అతను మీటర్ చూస్తుంటే, మరి బోర్డులు చూసిందెవరు అని. నేనే అంటే సరిపోయేది. అబద్ధం నాకు అన్నం తిన్నంత సులువు. నోరు తెరిస్తే నిజమే వచ్చింది, "మా ఇద్దరిలో ఎవరమూ కాదండీ" అని.

లైసెన్స్ పోయింది. వెనకే ఉద్యోగం.

తరవాత ఒకరోజు పగలు మళ్ళీ సరిచూశాం. నేను నడిపాను, వాచీ, బోర్డులూ మూర్తివే. మైలుకి అరవై సెకన్లు, అన్నీ అరవయ్యే. మీటర్‌లో తప్పు లేదు. అంటే ఆ రాత్రి ప్రతి బోర్డునీ అది రాకముందే పిలిచారు. ఆ లెక్కన మేం ఆపేటప్పటికి అయిదో మైలు బోర్డు ఇంకా ముందే ఉంది. చివర్లో చెప్పింది ఒక్కటే నిజం.

ఆ గొంతు మూర్తిని కాపాడాలని చూసిందో, ముంచాలని చూసిందో... నాకిప్పటికీ తెలీదు. ఇండియాకి తిరిగెళ్ళిపోయే రోజు ఎయిర్‌పోర్ట్‌లో పెట్టె లాక్కుంటూ వెళ్ళినవాడు వెనక్కొచ్చి, "ఆ చివరి బోర్డు దాకా పోయుంటే ఏమయ్యేదంటావ్?" అన్నాడు.

ఫ్లైట్ టైమయింది, పొమ్మన్నాను.