చైనా లేతుకు నేను మట్టం పెట్టిన వైనం

డిప్లొమా చేతికొచ్చిన కొత్తల్లో నాకు తెలియని విషయమంటూ ఒక్కటీ ఉండేది కాదు. ఇప్పుడు తలచుకుంటే ఆ వయసు మీద కాస్త అసూయ కూడా కలుగుతుంది. పన్నెండేళ్ళ కిందటి మాట. మంచి ఉద్యోగం వచ్చేదాకా అన్న నెపంతో (ఆ ఉద్యోగం ఇంకా రావలసే ఉంది) ఆత్మకూరులో ఉదయగిరి పోయే రోడ్డు పక్కన ఉన్న మా మేనమామ లేతు షాపులో చేరాను. లేతంటే ఎరుగనివారికి ఒక్క మాట: ఇనుప కడ్డీని గిరగిరా తిప్పుతూ, దానికి గట్టి ఉలి ఆనించి, కావలసిన కొలతకు చెక్కే యంత్రం. కుమ్మరి సారెకు ఇనుప చుట్టం అనుకోండి. ఆ షాపులో మామ యజమాని, నేను మేనల్లుణ్ణి, పని చేసేది మాత్రం మేస్త్రి. ఆయన రోజూ ఉదయగిరి నుంచి మొదటి బస్సులో టిఫిను క్యారేజీతో దిగేవాడు. ఆదివారం మాత్రం చర్చి ఉంటుంది కాబట్టి రాడు, ఎంత పెద్ద రైతు వచ్చి బతిమాలినా సరే. మాటలు తక్కువ. తిరిగి ఆగిన కడ్డీని బొటనవేలితో ఒకసారి తడిమి, "వెంట్రుకంత ఎక్కువుండాది" అనేవాడు. కొలిచి చూస్తే అంతే ఉండేది. అది నాకు ఒళ్ళు మండే విషయం. మూడేళ్ళు చదువుకున్న నాకు కొలత పరికరం కావాలి, పదో తరగతి తప్పిన ఆయనకు వేలు చాలు!

పాత లేతు అరిగిపోయిందనీ, కొత్తది దిగుమతి సరుకు తెప్పిస్తే బండెడు పని నడుస్తుందనీ మామ చెవిలో ఆరు నెలలు ఊదినవాణ్ణి నేనే. చివరికి మామ సరేనన్నాడు. పాతదాన్ని జలదంకి వాళ్ళెవరో వచ్చి ట్రాక్టరులో ఎత్తుకుపోయిన రోజు మేస్త్రి బయటికి వచ్చి, బండి మలుపు తిరిగేదాకా చూసి లోపలికి వెళ్ళాడు. ఆ మర్నాడే చెన్నై నుంచి చైనా లేతు దిగింది. క్రేను దించిన చెక్కపెట్టె విప్పితే, లోపల తారులాంటి నల్లటి గ్రీజు పూసుకుని పడుకుని ఉంది యంత్రం. దాంతోపాటు ఒక పుస్తకం. ఇంగ్లీషే గాని, చైనాలో పుట్టి పెరిగిన ఇంగ్లీషు. అందులో నాకు అర్థమైనంతవరకు మొదటి సూచన "యంత్రమును సంతోషముగా తుడువుడు" అని. నేను సంతోషంగానే కిరసనాయిలు డబ్బా అందుకున్నాను. మేస్త్రి కూడా చేతిలో వేస్టు గుడ్డతో దగ్గరికి వచ్చాడు.

అప్పుడు నేనన్న మాట ఇప్పటికీ రాయాలంటే సిగ్గుగా ఉంటుంది. "మేస్త్రీ, ఇది మీ పాతకాలం మిషను కాదు. దీని లెక్కలు వేరే. నేను చూసుకుంటాను గాని, మీరు చెయ్యి పెట్టబాకండి" అన్నాను. ఆయన గుడ్డ బల్ల మీద పెట్టి, "సరేలే అబ్బయా" అని, పోయి మూలనున్న వెల్డింగు పనిలో కూర్చున్నాడు. కోపం కూడా తెచ్చుకోలేదు. తెచ్చుకుని ఉంటే నాకు ఇంత గుర్తుండేది కాదేమో.

నేలలో పునాది బోల్టులు నాటించి, యంత్రాన్ని కూర్చోబెట్టి, ఇళ్ళు కట్టే బేల్దార్లు వాడే నీళ్ళమట్టం తెచ్చి, చక్రం తిరిగే తలవైపు పెట్టి చూశాను. బుడగ నడిమధ్యన నిలబడింది. ఇంకేం! స్పానరుకు బారెడు గొట్టం తొడిగి, నాలుగు కాళ్ళ బోల్టులనూ ఊగిపోతూ బిగించాను. శుక్రవారం మంచిదని అత్త పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయ కోసి, కొబ్బరికాయ కొట్టింది. మామ స్విచ్చి వేశాడు. యంత్రం తిరిగింది, వెనక్కి. ఉలి ఇనుమును చెక్కడం మాని కీచుమని దాని వీపు గోకింది. "ఏందిరా అబ్బయా, చైనావోళ్ళకి అన్నీ తిరకాసేనా?" అన్నాడు మామ. కరెంటు వైర్లు రెండు నేనే అటుదిటు కలిపానని గ్రహించి, "ఇది టెస్టింగు మామా" అని బొంకి, మార్చి కలిపాను. ఈసారి ముందుకే తిరిగింది గాని, పొట్టలో రాళ్ళు వేసినట్టు గరగరమంది. అమ్మినవాళ్ళకు ఫోను చేస్తే, "రన్నింగులో సర్దుకుంటుంది సార్" అన్నారు. నాకు నమ్మకం కుదరలేదు. గేర్ల పెట్టె మూత విప్పి చూస్తే, అడుగున గుప్పెడు ఇసుక. పోతపోసినప్పటి ఇసుకను దులపకుండానే నూనె పోసి పంపారు. పళ్ళెంలోకి ఎత్తి, మామకు చూపించి, ఒక పూటంతా కడిగి బిగించాక యంత్రం తేనెటీగలా పాడింది. ఆ సాయంత్రం నేను నడిచిన నడక చూసినవాళ్ళు, ఈ యంత్రాన్ని కనిపెట్టింది ఇతనేనేమో అనుకుని ఉంటారు.

సోమవారం పొద్దున కలువాయి నుంచి నిమ్మతోట పెద్దాయన వచ్చాడు. బావి మీది పంపులో తిరిగే కడ్డీ, అదే షాఫ్టు, విరిగింది, కొత్తది చెయ్యాలి. "కాయ పిందె మీద ఉండాది నాయనా. నాలుగు రోజులు నీళ్ళు తప్పితే రాలిపోతుంది" అన్నాడు. సాయంత్రానికి ఇస్తానన్నాను. షాఫ్టు చెక్కాను, అద్దంలా మెరిసింది. బేరింగు తొడిగితే ఒక చివర వదులై జారిపోతోంది, రెండో చివర ఎక్కనంటోంది. అంటే కడ్డీ ఒకవైపు లావు, ఒకవైపు సన్నం. రెండోది చేశాను. అదీ అంతే. తోకవైపు కడ్డీని పట్టి ఉంచే దిమ్మెను కాస్త పక్కకు జరిపాను. కడ్డీ సరిపోయింది గాని, అదే దిమ్మెతో రంధ్రం వేస్తే పక్కకు పోయింది. దాన్ని సరిచేస్తే ఇంకొకటి చెడింది. దుప్పటి తలకు లాగితే కాళ్ళు, కాళ్ళకు లాగితే తల! మంగళవారం మధ్యాహ్నానికి బల్ల కింద పనికిరాని షాఫ్టులు అయిదు చేరాయి. పెద్దాయన రెండురోజులుగా వాకిట్లో బెంచీ మీద కూర్చుని, నేను తలెత్తినప్పుడల్లా ఆశగా చూస్తున్నాడు. తిట్టినా బాగుండేది. మేస్త్రి మాత్రం వెల్డింగు అద్దాల వెనకనుంచి ఇటు చూశాడో లేదో కూడా తెలియలేదు.

నేను చెన్నైకి ఫోను చేసి, "మీ మిషను అడుగు బెడ్డే వంకర! వెనక్కి తీసుకోండి!" అని అరిచాను. వచ్చే వారం మనిషిని పంపుతామన్నారు. వచ్చే వారానికి పిందెలుంటాయా? మామ నా పక్కకు వచ్చి, పెద్దాయనకు వినపడకుండా, "నిజం చెప్పురా. నీకు తెలస్తా ఉండాదా, లేదా? తెలీకపోతే పాపం ఆయన్ని నెల్లూరికన్నా పొమ్మందాం" అన్నాడు. ఆ మాట చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది. మామ మర్యాద, ఆరు నెలలు నేను పలికిన ప్రగల్భాలు, ఒక మనిషి తోట, అన్నీ ఆ ఒక్క జవాబు మీద ఉన్నాయి. "తెలీడం లేదు మామా" అన్నాను. (జీవితంలో ఆ వాక్యం పలకడం అదే మొదలు. అంత చిన్న వాక్యానికి అంత బరువు ఉంటుందనుకోలేదు.) తర్వాత మూలకు పోయి నిలబడ్డాను. "మేస్త్రీ, ఒకసారి వచ్చి చూస్తారా? ఆ రోజు నోరు జారినాను."

ఆయన అద్దాలు తీసి, చేతులు తుడుచుకుని వచ్చాడు. షాఫ్టు చూడలేదు, పుస్తకం చూడలేదు. యంత్రం చుట్టూ నిదానంగా ఒక ప్రదక్షిణం చేసి, "మట్టం చూసినావా?" అన్నాడు.

"చూసినాను. బుడగ సరిగ్గా మధ్యలో ఉండాది."

"ఏడ పెట్టి చూసినావు?"

"తల దగ్గర."

"మరి తోక దగ్గర?"

నేను తల అడ్డంగా ఊపాను. ఆయన రెట్టించలేదు. "నాలుగు బోల్టులూ ఒక్కోటే వదులు చెయ్యి, చూద్దాం" అన్నాడు. మొదటిది వదులు చేశాను. ఏమీ కాలేదు. రెండు, మూడు, ఏమీ కాలేదు. నాలుగోది, తోకవైపు ముందరి కాలుది, సగం విప్పానో లేదో, టక్‌మని చప్పుడు చేసి ఆ కాలు నేలమీంచి పైకి లేచింది. అంతసేపూ ఎవరో తొక్కిపట్టినవాడు వదిలేసినట్టు! అక్కడ సిమెంటు నేల కాస్త పల్లం. పల్లంలో గాలిలో ఉన్న కాలిని నేను బారెడు గొట్టంతో నేలకు లాగి బిగించాను. దాంతో యంత్రం నడుమే మెలితిరిగింది. చైనావాళ్ళు నిటారుగా పంపినదాన్ని వంకర చేసినవాణ్ణి నేనే. మేస్త్రి పాత రంపపు బ్లేడు ఒకటి తుంచి, ముక్కలు రెండు ఆ కాలికింద పెట్టి, "ఇప్పుడు మెల్లగా బిగించు. బలం చూపియ్యబాక" అన్నాడు. తలా తోకా రెండూ మట్టం చూశాం. ఆరో షాఫ్టు నాచేతే చేయించాడు. బేరింగు రెండు చివర్లా ఒకే రకంగా, బిగువుగా, మెత్తగా కూర్చుంది. పెద్దాయన దాన్ని తువ్వాలులో పసిబిడ్డలా చుట్టుకుని కలువాయి బస్సెక్కాడు. తోట నిలిచిందని వారం తర్వాత గంపెడు నిమ్మకాయలు పంపితే తెలిసింది.

ఆ తర్వాత మామ షాపుకొచ్చినవాళ్ళందరికీ, "చైనా మిషన్లోనే తప్పు పట్టినాడు మా అల్లుడు" అని చెప్పుకునేవాడు. ఇసుక సంగతి నిజమే కాబట్టి నేను నవ్వి ఊరుకునేవాణ్ణి. మిగతా సగం మేస్త్రి చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

పోయిన ఏడాది ఉదయగిరిలో ఆయన ఇంటికి వెళ్ళాను. పని మానేసి చాన్నాళ్ళయింది. చూపు తగ్గింది. టీ తాగుతూ, ఇన్నేళ్ళుగా మనసులో ఉన్నది అడిగేశాను: "మేస్త్రీ, మొదటిరోజే మీకు తెలిసుంటుంది గదా, నేను బిగించేటప్పుడే. పొగరు దిగనీలే అని ఊరకున్నారా?"

ఆయన కళ్ళల్లో నీళ్ళు వచ్చేలా నవ్వాడు. "నాకేం తెలుసు అబ్బయా! నాలుగో బోల్టు వదిలేదాకా నాకూ తెల్దు. అది కూడా లేవకపోతే ఏం చెప్పి బయటపడాలా అని లోపల దేవుణ్ణి తలుచుకుంటా ఉండా" అన్నాడు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని చాలాసేపు నాలో నేనే నవ్వుకున్నాను. ఆ రెండు రోజులూ షాపులో ఆ మూల ఒకడు, ఈ మూల ఒకడు, ఇద్దరమూ తెలియనివాళ్ళమే. ముందే ఒప్పుకుని ఉంటే, కనీసం ఇద్దరం ఒకచోట కూర్చుని భయపడి ఉండేవాళ్ళం.